ఆ మూడు రోజులకు నేను పెట్టిన పేరు

ఉపవాసంలో ఉన్నవాళ్ళ ముందు మా చర్చి సంఘంలో ఎవరూ మంచినీళ్ళు కూడా తాగరు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. శుక్రవారం పొద్దున ఉపవాస కూడికకు వచ్చిన తల్లులు చంటిపిల్లకు బిస్కెట్టు ఇవ్వాలన్నా మందిరం వెనక్కి తీసుకెళ్ళి ఇస్తారు. ఉపవాసం ఉన్నానని ఒకరు చెబితే ఎందుకని అడగరు, ఎన్ని పూటలని అడగరు, తింటావా అని అసలే అడగరు. అడిగితే ఆ మనిషిని శోధించినట్టు, ఉపవాసం చెడగొట్టే ఆశ పెట్టినట్టు. చిన్నప్పటి నుంచి ఆ మర్యాదలోనే పెరిగాను కాబట్టి దాని బలం ఎంతో నాకు తెలుసు. తెలిసే వాడుకున్నాను.

మా నాన్న గుంటూరు వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డారు. నేను పుట్టిందీ, బాప్తిస్మం తీసుకున్నదీ ఇక్కడే. ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర ఫిట్టర్‌ని. కుర్రతనంలో టైక్వాండో నేర్చుకుని బ్లాక్ బెల్టు దాకా వెళ్ళాను. పన్నెండేళ్ళపాటు మా సంఘం పిల్లలకూ వాడకట్టు పిల్లలకూ మందిరంలోనే నేర్పాను. ఆరాధన కుర్చీలు గోడవార పేర్చి, ఒకదానిలో ఒకటి ఇరికే రబ్బరు పలకలు పరిస్తే అదే మా ప్రాక్టీసు హాలు. పైన రేకులు. మందుల ఫ్యాక్టరీలున్న కాజీపల్లి వైపు నుంచి గాలి మళ్ళితే కళ్ళు మండే ఘాటు వచ్చేది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు రుమాలు తీసేవారు. పిల్లలు మాత్రం ముక్కు మూసుకునేవారు కాదు. వాళ్ళకు గాలంటేనే అది.

నాకు నేర్పిన మాస్టారు ఎలా నేర్పారో నేనూ అలాగే నేర్పాను. మందిరం చుట్టూ కప్పగంతులు, ఆపైన బాతునడక, ఆపైన ఒకరినొకరు వీపున మోసుకుని మెట్లెక్కడం. వాంతి వచ్చేదాకా పరుగు. వాంతి చేసుకున్నవాడికి మిగతావాళ్ళ చేత చప్పట్లు కొట్టించేవాణ్ణి. దానికి నా దగ్గర వాక్యం కూడా ఉంది. పందెంలో పరుగెత్తేవాడి గురించీ, బహుమానం గురించీ, శరీరాన్ని నలగగొట్టడం గురించీ అపొస్తలుడు రాసిన భాగం మా పిల్లలకు కంఠతా. నేను "నలగగొట్టాలి" అంటే వాళ్ళు "శరీరాన్ని" అని అరిచేవారు. అపొస్తలుడు ఆ మాట తన శరీరం గురించి రాశాడు. ఇంకొకళ్ళ పిల్లల శరీరాల గురించి కాదు. తెలుగు వాచకం చదివే పిల్లవాడైనా పట్టుకోగలిగిన ఆ తేడా, ముప్పై ఏళ్ళు బోధ విన్నవాడికి, నెలకొకసారి బోధ చెప్పినవాడికి, నాకు కనపడలేదు.

మా దగ్గర ఒక పిల్ల ఉండేది. పదిహేనేళ్ళు. తండ్రి లేడు. తల్లిది ఈ పక్క ఊరే. పొలాలు ఫ్యాక్టరీ షెడ్లయ్యాక ఆమె కూలి మాని కాజీపల్లిలో మందుల ప్యాకింగులో చేరింది. కూతురిని వెంటబెట్టుకుని మా సంఘానికి వచ్చి నాలుగేళ్ళయింది. ఆ పిల్ల కుడికాలు లేచిందంటే తగిలిందాకా ఎదుటివాళ్ళకు తెలిసేది కాదు. నేర్పితే వచ్చే వేగం కాదది. రాష్ట్ర పోటీలో పతకం వస్తే క్రీడా పాఠశాల హాస్టల్లో సీటు దొరుకుతుంది. ఇంటరు దాకా చదువు, తిండి, మంచి కోచ్‌లు, అన్నీ అక్కడే. తల్లికి ఈ ప్రపంచంలో కావలసింది ఆ సీటే.

"నా లెక్క మూతికి గుడ్డ గట్టుకొని పన్నెండు గంటలు నిలవడద్దు బ్రదరు. గంతే. ఇగ నాకేం వద్దు," అనేది ప్రతి ఆదివారం.

ఆ ఏడు రుద్రారం నుంచి ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చేది. సొంతూరు హత్నూర పక్కన, రైతుల ఇల్లు. రుద్రారంలో హాస్టల్లో ఉండి ఫిజియోథెరపీ చదువుతోంది. తనూ ఒకప్పుడు జూడో ఆడింది. చదువులో భాగంగా, ఆడే పిల్లలను గమనించడానికి శనివారాలు బస్సెక్కి వచ్చి, మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని, ఒక నోటుబుక్కు పట్టుకుని మూలన కూర్చునేది. రెండు శనివారాలు చూసి మూడో శనివారం లేచింది.

"సార్, కప్పగంతులు ఇన్నిన్ని కొట్టియ్యకుండ్రి. పెరిగే పిల్లల మోకాళ్ళు అవి."

"నేనూ కొట్టినవాణ్ణే. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి."

"గందుకేనా, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటరు?"

పిల్లలు పడీ పడీ నవ్వారు. అందరికంటే గట్టిగా మా పిల్లే నవ్వింది. నేను ఆ రోజు అందరిచేత ఇంకో రెండు చుట్లు కొట్టించాను.

అయినా ఆమె మానలేదు. పాస్టరుగారికి ఆమె పద్ధతి నచ్చింది కాబట్టి నేనూ కాదనలేకపోయాను. ఆమె గంతులు తగ్గించి, దిగడం నేర్పింది. చిన్న స్టూలు మీంచి దూకి చప్పుడు కాకుండా దిగాలి, మోకాళ్ళు లోపలికి మళ్ళకూడదు. "పిల్లి గోడ దుంకినట్టు దిగాలె. బస్తా పడ్డట్టు కాదు," అనేది. ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టించేది. ఇరవై సెకన్లు పూర్తి వేగంతో కిక్కులు, నలభై సెకన్లు నడక, మళ్ళీ ఇరవై. పోటీ ఎలా సాగుతుందో ఊపిరీ అలాగే సాగాలని చెప్పేది. గంట పరుగెత్తినవాడికి గంట పరుగెత్తడమే వస్తుంది, రెండు నిమిషాలు కొట్లాడడం రాదు అనేది. రాత్రి ఎంతసేపు నిద్రపోయారో, పొద్దున లేస్తే ఒళ్ళు ఎంత బరువుగా ఉందో పిల్లలు ఆ నోటుబుక్కులో రాయాలి. వారంలో రెండు రోజులు ఏమీ చెయ్యకూడదు.

"విశ్రాంతి గూడ ట్రైనింగే సార్."

"మాకు ఆదివారం విశ్రాంతి దినం ఉందమ్మా."

"ఆదివారం పొద్దంత వీళ్ళతోని కుర్చీలు మోపిస్తరు గద."

రెండు నెలలకు మా పిల్ల మారింది. మూడో రౌండు చివర్లో, మిగతా పిల్లల చేతులు కిందికి వేలాడేవేళ, ఆమె కాలు మొదటి రౌండులో లేచినంత ఎత్తు లేస్తోంది. నేను అది చూశాను. ఆదివారం సంఘం ముందు నిలబడి, ప్రార్థన ఫలమని చెప్పాను. రుద్రారం అమ్మాయి పేరెత్తలేదు.

మా పిల్ల బరువు నలభై ఐదు కిలోలు. నలభై ఆరు లోపు విభాగంలో ఆడాలి. కిందటేడు అదే విభాగంలో ఇంకో జిల్లా పిల్ల చేతిలో ఓడిపోయింది. ఆ పిల్ల మా పిల్లకంటే జానెడు పొడుగు. ఈసారి కూడా అదే విభాగంలో దిగుతోందని తెలిసింది. నేను ఎవరినీ అడగకుండా మా పిల్ల పేరు నలభై రెండు లోపు విభాగంలో రాసి పంపేశాను. తర్వాత మార్చడానికి వీల్లేదు. పోటీ వచ్చే శనివారం.

రుద్రారం అమ్మాయికి చెప్పినప్పుడు ఆమె నోటుబుక్కు మూసేసింది.

"మూడు కిలోలా? ఆమె కాడ తీయనీకి కొవ్వేడుంది సార్? తీస్తే నీళ్ళే తీయాలె."

"నీళ్ళే తీస్తాం. తూకం అయ్యాక తాగిస్తాం. అందరూ చేసేదే."

"అందరు చేస్తరు. బరువు దించుడు వేరే, ఒళ్ళు గట్టిపడుడు వేరే సార్. రెండు నెలలు కష్టపడి పెంచిందంత మూడు దినాలల్ల పిండి పారబోస్తరా?"

"మీ చదువు మీది, మా విశ్వాసం మాది," అన్నాను. పోటీ అయ్యేదాకా రానక్కర్లేదని కూడా అన్నాను. ఆమె స్టాప్‌వాచ్ తీసి మా పిల్ల మెడలో వేసి వెళ్ళిపోయింది.

తూకం వెయ్యడానికి మా దగ్గర మంచి మిషను లేదు. హైవే పక్కన పాత ఇనప సామాను దుకాణంలో పెద్ద కాంటా ఉంది, దాని మీద నిలబెట్టేవాణ్ణి. దుకాణం అతనికి మేం బాగా అలవాటు.

"ఏంది సార్, పిల్లను ఇనుము కింద రాయాల్నా, ప్లాస్టిక్ కింద రాయాల్నా?"

"నేను రాగినే అన్నా. మంచిగ చూసి రాస్కో," అంది పిల్ల కాంటా మీంచే.

అది మంగళవారం. ఆ మాట ఇంత బాగా గుర్తుండడానికి కారణం, శుక్రవారం అతను అదే ప్రశ్న అడిగితే ఆమె జవాబు చెప్పలేదు.

చెమట తీయడానికి రబ్బరు సూట్లు దొరుకుతాయి. మా ప్రాంతంలో వాటి అవసరం లేదు. మందుల పొడి పోసే డ్రమ్ముల్లో లోపల తొడిగే పెద్ద పాలిథిన్ కవర్లుంటాయి, మనిషి నడుము దాకా వస్తాయి. అడుగున తలకు ఒక కంత, పక్కన చేతులకు రెండు కోసి, తిరగేసి తొడిగి, పైన ట్రాక్ సూటు వేస్తే చాలు. మా మాస్టారు కాలం నుంచీ ఇక్కడ అందరూ చేసే పనే. కవరు పిల్ల తల్లే తెచ్చింది, మడత నలగకుండా.

"కొత్తది బ్రదరు. మందు తగల్లే. సూపర్‌వైజర్ను అడిగే తెచ్చిన."

మధ్యాహ్నం రెండింటికి, ట్యాంకర్లు నిలబెట్టే రోడ్డు మీద, ఆ కవరులో పిల్లను పరుగెత్తించాను. నేను వెనక బండి మీద. తిరిగొచ్చాక చేతులు కిందికి వదిలితే కవరు అంచుల్లోంచి చెమట ధారగా కారింది. చూస్తున్న పిల్లలు "వానొచ్చింది, వానొచ్చింది" అని ఎగిరారు. నేనూ నవ్వాను.

బుధవారం పొద్దుటి నుంచి తిండి ఆపించాను. ఆ రోజు మందిరం పక్కనున్న వాళ్ళ గదికి వెళ్ళేసరికి తల్లి కంచం పెట్టుకుని కూతురి ముందు కూర్చుని ఉంది. అన్నం, పప్పు, వేయించిన గుడ్డు. పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది.

"చూడుండ్రి బ్రదరు, వద్దంటది. పొద్దుగాల సంది గింతన్న ముట్టలే. గిట్లయితే ఏం బలముంటది? రెండు ముద్దలన్న తినుమని మీరు చెప్పుండ్రి."

పిల్ల నావైపు చూసింది. తల్లి మొండిది. తినిపించాలనుకుంటే తినిపించే తీరుతుంది. బరువు దించడం గురించి చెబితే వినదు, కంచం తియ్యదు, అవసరమైతే నన్నే బయటికి పంపిస్తుంది. అది నాకు తెలుసు. ఏం చెబితే ఆమె మారుమాట లేకుండా కంచం తీస్తుందో కూడా తెలుసు. ఒక్క క్షణం ఆలోచించాను. ఆ క్షణం లేకపోతే ఈనాడు ఇంత బాధ ఉండేది కాదేమో.

"ఉపవాసం ఉంటోందమ్మా. మూడు రోజులు. పోటీ కోసం," అన్నాను.

ఆమె చెయ్యి వెంటనే కంచం మీదికి వెళ్ళింది. మూత పెట్టేసింది. మొహం విప్పారింది.

"అట్లనా. మరి నాకెందుకు చెప్పలే బిడ్డా? నేను గూడ ఉందును గద." కంచం తీసుకెళ్ళి పక్కింటి పిల్లలకు పెట్టించి వచ్చింది. ఆ పూట నుంచి ఆమె కూడా ఉపవాసం మొదలుపెట్టింది. నేను ఆపలేదు. ఆపితే ఎందుకని అడుగుతుంది.

గురువారం సాయంత్రం నీళ్ళు కూడా మాన్పించాను. తల్లికి అదీ వింతగా అనిపించలేదు. మూడు రోజులు నీళ్ళైనా ముట్టని ఉపవాసం లేఖనాల్లో ఉంది. నేనే చెప్పాను ఆ సంగతి, ఒక స్త్రీల కూడికలో. ఎలాంటి ఉపవాసం దేవునికి అసహ్యమో ప్రవక్త గద్దించిన అధ్యాయం కూడా నేనే చెప్పాను, మూడుసార్లో నాలుగుసార్లో. అది గుర్తు రాలేదు.

శుక్రవారం ఉపవాస కూడికలో తల్లి సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి లేచింది. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. కొంగు తల మీదికి లాక్కుని, మైకు రెండు చేతుల్తో పట్టుకుంది.

"అందరికి వందనాలు. నా బిడ్డ మూడు దినాల సంది ఉపవాసముంటుంది. నేను చెప్పలే. దానంతట అదే ఉన్నది. దేవుడు నా బిడ్డకు గంత మనసిచ్చిండు. గదే నా సాక్ష్యం."

"ఆమేన్," అంది సంఘమంతా. పాస్టరుగారు పిల్లను ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆయనకు తెలియదు. నేను గిటారు వాయించే అతని పక్కన నిలబడి, ఆ పిల్ల పెదవులు చూశాను. తెల్లగా పొక్కులు లేచి, మూల చీలి ఉన్నాయి. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమె మూసుకోలేదు. నన్నే చూస్తోంది.

ప్రార్థన అయ్యాక ఒక పెద్దామె ఆమె బుగ్గలు నిమిరి, "ధన్యురాలివి తల్లీ," అంది. ఆ ఆవరణలో అరవై మంది ఉన్నారు. ఒక్కళ్ళు కూడా ఆమెకు గ్లాసుడు నీళ్ళివ్వలేదు. కళ్ళు లోపలికి పోయి, నడుస్తుంటే కాళ్ళు తడబడుతున్న పిల్లకు ఇంకే ఊళ్ళోనైనా, ఇంకే వాడలోనైనా ఎవరో ఒకరు బలవంతంగా తాగించేవారు. మావాళ్ళు మంచివాళ్ళు. అందుకే ఇవ్వలేదు.

కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ పిల్ల అడిగింది. కడుక్కోవడానికి ఒప్పుకున్నాను, పుక్కిలిస్తే ఉమ్మేయాలని షరతు.

"సార్, గిది నిజంగ ఉపవాసమేనా?"

"దేవుని కోసం చేస్తే ఉపవాసమే."

"నేను నలభై రెండు కోసం చేస్తున్న సార్."

"ఎక్కువ మాట్లాడకు. నోరెండిపోతుంది," అన్నాను.

శనివారం పొద్దున సంగారెడ్డిలో తూకం. నూరు గ్రాములు ఎక్కువుంది. జడకున్న క్లిప్పులు తీయించాను. చెవుల దుద్దులు తీయించాను. స్టాప్‌వాచ్ తీయించాను. తాడు ఆడించి, గ్లాసులో ఉమ్మించాను. నోట్లో ఉమ్మి లేదు. పావుగంట తర్వాత సరిగ్గా నలభై రెండు చూపించింది. నేను చేతులెత్తి దేవుణ్ణి స్తుతించాను. గ్లూకోజు నీళ్ళు, అరటిపండ్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. సగం వాంతి చేసుకుంది. రెండు గంటల్లో మొదటి ఆట.

మొదటి రౌండు గెలిచింది. అదీ చెప్పాలి. అలాంటి ఒంటితో కూడా గెలిచింది. రెండో రౌండు మధ్యలో ఎగిరి తిరిగి కొట్టింది. కాలు తగిలింది, పాయింటు వచ్చింది, దిగింది. పిల్లిలా దిగలేదు. పిక్కలు గాలిలోనే పట్టేశాయి. బస్తా పడ్డట్టు పడింది. ఎడమ మోకాలు లోపలికి మళ్ళింది. ఆ చప్పుడు బయట కోచ్ కుర్చీలో ఉన్న నాకు వినిపించింది.

గ్యాలరీ మీంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు. రుద్రారం అమ్మాయి. నేను రావద్దన్నా వచ్చి, కనపడకుండా పైన కూర్చుని ఉంది. కాలు పట్టుకుని, కళ్ళ కింద వేలితో నొక్కి చూసి, తల్లిని అడిగింది.

"ఎప్పుడు తిన్నదమ్మా?"

"మూడు దినాలాయె. ఉపవాసమున్నది బిడ్డ. నేను గూడ ఉన్న," అంది తల్లి. ఆ క్షణంలో కూడా గొంతులో కొంచెం గర్వం ఉంది.

రుద్రారం అమ్మాయి తలెత్తి నావైపు చూసింది. తల్లికి ఏమీ చెప్పలేదు. పిల్ల కాలు కింద తన బ్యాగు పెట్టి, అంబులెన్సు కోసం అరిచింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. మోకాలి లోపల లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషను, ఆపైన ఏడాది. ఆడడం సంగతి తర్వాత చూద్దాం, ముందు నడవనివ్వండి అన్నారు. సీటు సంగతి ఎవరూ అడగలేదు. అడగడానికి ఏముంది.

వరండాలో తల్లి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది.

"బ్రదరు, ఒక మాట. ఉపవాసంల తప్పు జరిగినందుకేనా గిట్లయింది?"

"ఏం తప్పమ్మా?"

"గురువారం ప్యాకింగుల కండ్లు తిరిగినయి. పడిపోతనని భయమయ్యి ఒక్క చాయ్ తాగిన. ఎవ్వలకు చెప్పలే. నా వల్లనేనా?"

అక్కడ చెప్పాల్సింది. అంతకంటే సులువైన చోటు నాకు మళ్ళీ దొరకలేదు. "కాదమ్మా," అన్నాను. మరి ఎవరి వల్లనో చెప్పలేదు. ఆమె ఆ "కాదు"ను నమ్మలేదని తెలిసీ లేచి, మందులు తేవాలని కిందికి దిగాను.

ఐదు నెలలు ఆ చాయ్ ఆమె గొంతులో ఉంది. ప్రతి శుక్రవారం అందరికంటే ముందు వచ్చి, అందరూ లేచాక కూడా మోకాళ్ళ మీద ఉండేది. ఏం ప్రార్థిస్తోందో నాకు తెలుసు. అదే మందిరంలో పది అడుగుల దూరంలో నేనూ మోకాళ్ళ మీద ఉండేవాణ్ణి. క్లాసు ఆపేశాను. పిల్లలకు నా ఒంట్లో బాగాలేదని చెప్పాను. అదీ అబద్ధమే.

చివరికి ఒక శుక్రవారం లేచి ఒప్పుకున్నాను. అది ఉపవాసం కాదని, బరువు దించడానికి నేను తిండీ నీళ్ళూ ఆపానని, తల్లి కంచం తీయడానికి దేవుని పేరు వాడానని, చాయ్ తాగినందుకు ఏమీ జరగలేదని. మొత్తం చెప్పాను. కూర్చోగానే పాస్టరుగారు లేచి, "బ్రదర్ తన్ను తాను తగ్గించుకున్నాడు, దేవునికి స్తోత్రం," అన్నారు. సంఘం ఆమేన్ అంది. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. ఒక పెద్దాయన వచ్చి నా భుజం తట్టి, ఇంత విరిగిన హృదయం ఈ రోజుల్లో ఎక్కడ చూస్తామన్నాడు. నేను చేసిన పాపాన్ని చెప్పుకుంటే దాన్ని కూడా నాకు మంచి పేరుగా మార్చి నా చేతిలోనే పెట్టారు.

ఆమేన్ అననిది తల్లి ఒక్కతే. కూడిక మధ్యలో లేచింది. వెనక గోడకు చేతికర్ర ఆనించి కూర్చున్న కూతురిని పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. మందిరం వెనక్కి కాదు. ముందు మెట్ల మీద, తలుపుకు ఎదురుగా కూర్చోబెట్టింది. సంచిలోంచి మధ్యాహ్నం షిఫ్టుకు తెచ్చుకున్న టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచింది. చపాతీలు, టమాట కూర. ముక్క తుంచి కూతురి నోట్లో పెట్టింది. లోపల అరవై మంది ఉపవాసంలో ఉన్నారు. కూర వాసన లోపలికి వచ్చింది. పాట ఒకటి మొదలుపెట్టారు.

పాట అయ్యాక నేను బయటికి వచ్చాను. ఏమైనా అంటుందేమోనని, అంటే బావుండునని, మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. డబ్బా నావైపు చాపింది.

"తింటరా బ్రదరు?"

మా సంఘంలో ఉపవాసం ఉన్న మనిషిని ఎవరూ అడగని మాట. మర్యాదకు అడిగింది కాదు. నేను ఉపవాసం ఉన్నానంటే ఇక నమ్మనని, అందరూ వింటుండగా చెప్పింది. ఆ రోజు నేను నిజంగానే ఉపవాసంలో ఉన్నాను. బుధవారం రాత్రి నుంచి. ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాను. చెబితే ఉపవాసం అన్న మాటతోనే చెప్పాలి, ఆ మాట ఇక నా దగ్గర లేదు.

పిల్ల తల పైకెత్తింది. ఆ మొహంలో నవ్వుందో లేదో నాకు తెలియలేదు.

"తినుండ్రి సార్," అంది. "నోరెండిపోతది."

తిన్నాను.